సర్పంచ్ సీటు ఖాళీ అయింది, ఎలక్షన్ ఎప్పుడని అడిగిన మేనకోడలికి

బిడ్డా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. మీ సర్పంచమ్మ పోయిందన్న సంగతి నాకు ఇక్కడ నల్గొండలోనే తెలిసింది, పాపం, గెలిచిన సంబరం కూడా తీరలేదు. నీకు నిలబడాలని ఉందన్నావ్, అత్తామామలు సరేనన్నారన్నావ్, అల్లుడు మాత్రం "ముందు డేట్ రానీ, అప్పుడు చూద్దాం" అంటున్నాడన్నావ్. అల్లుడి మాట తప్పని నేను ఒక్క ముక్కలో చెప్పగలను గానీ ఎందుకో చెప్పకపోతే నీకు లాభం లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికగా చదువు. మండలం ఆఫీసులో కుర్చీ అరిగేదాకా పనిచేసిన వాణ్ణి, ఎన్నికల డ్యూటీలు చేసిన వాణ్ణి, ఆ మాత్రం సుత్తి ఉంటుంది.

మొదట ఆ "ఆరు నెలల" మాట వదిలేయ్. మీ ఊళ్లో అందరూ ఆరు నెలల్లో పెట్టాల్సిందే అంటున్నారన్నావ్ కదా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఉమ్మడి జిల్లా వాళ్లకు ఉప ఎన్నికలంటే కొత్త కాదు. 2019 జూన్‌లో ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే సీటు వదిలితే అక్టోబర్ 21న హుజూర్‌నగర్‌లో పోలింగ్ అయింది. 2020 డిసెంబర్ 1న ఎమ్మెల్యే నోముల నర్సింహయ్య పోతే 2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్‌లో అయింది. రాజగోపాల్ రెడ్డి 2022 ఆగస్టు 8న రాజీనామా ఇస్తే నవంబర్ 3న మునుగోడులో అయింది, మూడు నెలలు కూడా నిండలేదు. ఇవన్నీ చూసి జనానికి ఆరు నెలలన్నది నోటికొచ్చేసింది. కానీ అది ప్రజాప్రాతినిధ్య చట్టంలో 151ఎ అనే సెక్షన్, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ సీట్లకు. అందులో కూడా పదవీకాలం ఏడాది కంటే తక్కువ మిగిలితే పెట్టక్కర్లేదని ఉంది. అవి చూసుకునేది ఢిల్లీలో ఉండే ఎన్నికల సంఘం. మీ పంచాయతీ దాని కింద లేదు.

ఇంకొందరు కాస్త చదువుకున్న వాళ్లు రాజ్యాంగంలోనే ఉంది కదా అంటారు. ఉంది, 243ఇ లో ఉంది. కానీ అది పంచాయతీ మొత్తం రద్దయినప్పటి సంగతి, పాలకవర్గం మొత్తం పోతే ఆరు నెలల్లోపు కొత్తది రావాలని. సర్పంచ్ ఒక్కరు చనిపోతే పంచాయతీ రద్దు కాదు. వార్డు మెంబర్లు ఉన్నారు, ఉపసర్పంచ్ ఉన్నాడు, పంచాయతీ నడుస్తూనే ఉంటుంది. దీన్ని చట్టంలో ఆకస్మిక ఖాళీ అంటారు. మన రాష్ట్రం 2018లో తెచ్చిన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం దీన్ని భర్తీ చేయాలి, జరిపేది హైదరాబాద్‌లో ఉండే రాష్ట్ర ఎన్నికల సంఘం. వాళ్లు మీ ఒక్క ఊరి కోసం బ్యాలెట్ పెట్టెలు దించరు. జిల్లాలవారీగా ఖాళీలన్నీ తెప్పించుకుని, ప్రభుత్వంతో మాట్లాడుకుని, ఒక దెబ్బలో అన్నీ కలిపి పెడతారు.

ఆ దెబ్బ ఎప్పుడు పడుతుందంటే, అక్కడే ఉంది తిరకాసు. 2019లో గెలిచిన వాళ్ల టర్ములో చాలా ఊళ్లలో సర్పంచ్ సీట్లు, వార్డులు ఖాళీ అయ్యాయి. 2023లో వాటి కోసం ఓటర్ల జాబితాలు కూడా తయారు చేశారు. తర్వాత అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి, ఆ హడావిడిలో ఆ టర్మే ముగిసింది. అంతదాకా ఎందుకు, మొత్తం పంచాయతీల సంగతే చూడు. 2024 ఫిబ్రవరి మొదట్లో పాత సర్పంచులు దిగిపోయారు. గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలో రాసి ఉంది, అయినా స్పెషల్ ఆఫీసర్లతోనే దాదాపు రెండేళ్లు లాగారు. హైకోర్టు 2025 జూన్ 25న మూడు నెలల్లో పెట్టమంది. సెప్టెంబర్‌లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో వచ్చింది, అక్టోబర్‌లో దాని మీద స్టే వచ్చింది, చివరికి డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా అయ్యాయి. ఈ లోపల ఎన్నికైన పాలకవర్గాలు లేవని ఢిల్లీ నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగాయి, ఊళ్లలో ట్రాక్టర్లకు డీజిల్ పోయించడానికి సెక్రటరీలు పడ్డ తిప్పలు నేను కళ్లారా చూశా. రాజ్యాంగంలో రాసిన గడువుకే ఈ గతి పడితే మీ ఊరి ఒక్క సీటుకు ఎవరు తొందరపడతారు చెప్పు?

కాబట్టి డేట్ ఎప్పుడని నన్ను అడగకు, నాకే కాదు కలెక్టర్‌కు కూడా ముందుగా తెలియదు. కానీ డేట్ వచ్చాక ఎంత టైం ఉంటుందో మాత్రం చెప్పగలను, అసలు విషయం అదే. పోయిన డిసెంబర్ ఎన్నికలకు షెడ్యూల్ ప్రకటించింది నవంబర్ 25న. మొదటి విడత నామినేషన్లు మొదలైంది 27న. మధ్యలో ఒక్క రోజు. 27, 28, 29 మూడు రోజులే నామినేషన్లు, 29 సాయంత్రం ఐదింటికి తలుపు మూసేశారు. 30 ఆదివారం, అయినా స్క్రూటినీ, అంటే నామినేషన్ల పరిశీలన, చేశారు. డిసెంబర్ 1న అప్పీలు, 2న దాని మీద తీర్పు, 3న మధ్యాహ్నం మూడింటిదాకా ఉపసంహరణ, అప్పుడే గుర్తులు. 9వ తేదీ సాయంత్రం ప్రచారం బంద్, 11న పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటికి లెక్కింపు. గుర్తు చేతికొచ్చాక గట్టిగా ఆరు రోజులు. ఉప ఎన్నికైనా లెక్క ఇంచుమించు ఇట్లాగే ఉంటుంది. నెలల తరబడి ఏమీ జరగదు, జరగడం మొదలైతే ఊపిరాడదు. "డేట్ రానీ చూద్దాం" అన్న వాళ్లు ఆ మూడు రోజులు మీసేవ ముందు లైన్లో నిలబడతారు. అల్లుడికి ఈ పేరా చదివి వినిపించు.

ఇక నువ్వు ఇప్పుడే చేయాల్సింది.

దశదిన కర్మ అయ్యేదాకా ఎవరి దగ్గరా ఈ ముచ్చట ఎత్తకు. ఆ తర్వాత వాళ్లింటికి పోయి, మర్యాదగా, డెత్ సర్టిఫికెట్ సంగతి అడుగు. ఎందుకంటే ఆమె హైదరాబాద్ ఆస్పత్రిలో పోయింది. ఊళ్లో పోతే మీ పంచాయతీ సెక్రటరీయే రాసుకునేవాడు, ఎక్కడ చనిపోతే అక్కడే రిజిస్టర్ అవుతుంది కాబట్టి ఆ కాగితం అక్కడి కార్పొరేషన్ నుంచి రావాలి. అది రాలేదని సెక్రటరీ చేతులు ముడుచుకుని కూర్చుంటే ఖాళీ అయినట్టు పైకి రిపోర్టు పోదు. రిపోర్టు పోకపోతే జిల్లా పంచాయతీ అధికారి లిస్టులో మీ ఊరి పేరు ఉండదు, లిస్టులో లేకపోతే రాష్ట్రమంతా పెట్టినా మీకు పెట్టరు. ఇది ఎవరికీ కనిపించని మెట్టు, కానీ బండి ఆగేది ఎక్కువ ఇక్కడే. సెక్రటరీని అడుగు: "సార్, ఖాళీ రిపోర్టు ఎంపీడీఓ ఆఫీసుకు ఏ తారీఖున పంపారు, లెటర్ నంబర్ ఎంత?" నంబర్ చెప్తే రాసిపెట్టుకో. "పంపినం లే అమ్మా" అని నంబర్ చెప్పకపోతే పంపలేదని అర్థం. కొన్నాళ్లు చూసి, ఎంపీడీఓ ఆఫీసులో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టు, మండలం లెవెల్లో ఐదు రూపాయలే ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కొట్లాట పెట్టుకున్నట్టు కాదు, కాగితం కదులుతుంది అంతే.

సర్పంచ్ లేనప్పుడు ఉపసర్పంచ్ పని చూస్తాడు. ఆయన మంచోడే కావచ్చు, కానీ ఇన్‌చార్జి కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలక్షన్ తొందరగా రావాలని ఎందుకుంటుంది? మీది బీసీ మహిళ సీటు, ఉప ఎన్నికలో రిజర్వేషన్ మారదు, అదే కేటగిరీ ఉంటుంది, కాబట్టి ఆయన నిలబడలేడు. అంటే ఎన్నిక ఆలస్యమైన ప్రతి నెలా ఆయనకు లాభమే. నేను ఆయన్ని తిట్టడం లేదు, ఆయన "నేను కనుక్కుంటా" అంటే నువ్వు ఇంట్లో కూర్చోకు అంటున్నా.

తర్వాత నీ ఓటు. నువ్వు పెళ్లయి వెళ్లావు గానీ ఓటు అత్తగారి ఊళ్లో ఎక్కిందా, ఇంకా మా ఊళ్లోనే ఉందా? నీకే తెలియదని నాకు అనుమానం. పోయిన పార్లమెంట్ ఎన్నికలకు మా ఊరొచ్చి ఓటేసి పోయావు, నాకు గుర్తుంది. సర్పంచ్‌గా నిలబడాలంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో నీ పేరు ఉండాలి. పంచాయతీ జాబితాను కొత్తగా ఏమీ రాయరు, అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి ఫారం 8 పెట్టి ఓటును అక్కడికి మార్పించుకో, ఈ వారంలోనే. ఓటర్ల జాబితా చూసే బూత్ ఆఫీసర్, బీఎల్ఓ, వచ్చి ఎంక్వైరీ చేసి ఎక్కించేసరికి టైం పడుతుంది, నోటిఫికేషన్ వచ్చాక ఉరికితే అందదు. ఎక్కిన తర్వాత కూడా ఒకసారి పేరు చూసుకో. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తింటిది, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, జాబితాలో ఇంకో స్పెల్లింగు, ఇది మన ఆడపిల్లలందరికీ ఉన్న తలనొప్పే. స్క్రూటినీ రోజు అవతలి వాళ్ల వకీలు మొదట పట్టుకునేది దీన్నే.

కులం సర్టిఫికెట్ మీ నాన్న వైపు నుంచి తెచ్చుకోవాలి, పెళ్లితో కులం మారదు. అత్తగారి కుటుంబం పేరున తీయించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. మీ నాన్నది దేవరకొండ వైపు కాబట్టి ఆ తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి, మీసేవలో అప్లై చేసి రెండు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకో.

ఇంటి పన్ను, నల్లా బిల్లు బాకీ ఉంటే కట్టేసి రసీదు ఫైల్లో పెట్టు. బాకీ నీ పేరున లేదు, మామ పేరున ఉంది అంటావేమో, అయినా కట్టేయ్, వంద మాటలు పడేకంటే ఆ పైసలు పోతే పోనీ. ఎలక్షన్ ఖర్చు కోసం విడిగా బ్యాంకు అకౌంట్ కూడా ఇప్పుడే తెరిచి పెట్టుకో.

నామినేషన్ పత్రం మీద నేను కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అది చూసేది నాలాంటి వాళ్లే. నీ ఓటరు కార్డు నంబర్ కాదు, పంచాయతీ జాబితాలో నీ క్రమసంఖ్య, వార్డు నంబర్ రాయాలి. నిన్ను ప్రతిపాదించే మనిషి కూడా ఆ ఊరి ఓటరే కావాలి, ఆయన క్రమసంఖ్య కూడా తప్పు పోవద్దు. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు గురించి ఇచ్చే డిక్లరేషన్‌లో ఏ గడీ ఖాళీగా వదలకు. ఏమీ లేకపోతే "లేదు" అని రాయి. ఖాళీ వదిలితే దాచినట్టు అంటారు, గీత గీస్తే అర్థం కాలేదంటారు, "లేదు" అంటే ఎవరూ ఏమీ అనలేరు. బీసీ కాబట్టి డిపాజిట్ వెయ్యి రూపాయలు. నామినేషన్ మీ ఊళ్లోనే తీసుకుంటారని లేదు, నాలుగైదు పంచాయతీలకు కలిపి ఒక క్లస్టర్ పెడతారు, అది ఏ ఊరో ముందే కనుక్కో. చివరి రోజు నాలుగింటికి పోకు. మొదటి రోజే వెయ్, ఏదైనా తక్కువ ఉందని చెప్తే మర్నాడు సరిచేసి ఇంకో సెట్ వేయొచ్చు. కొట్టేస్తే ఆర్డీఓ దగ్గర అప్పీలుకు ఒక్క రోజే టైం ఉంటుంది, ఆ రోజు పెళ్లిళ్లు, పేరంటాలు పెట్టుకోకు.

గుర్తుల గురించి టెన్షన్ పడకు. పార్టీ గుర్తులుండవు, అభ్యర్థుల పేర్లు తెలుగు అక్షరాల వరసలో పెట్టి ఇచ్చుకుంటూ పోతారు. ఉంగరం వస్తే అదృష్టం అని, కత్తెర వస్తే ఓటమని ఊళ్లో అంటారు, ఉత్తదే.

ఖర్చు సంగతి అల్లుడితో గట్టిగా మాట్లాడు. మీ ఊరి జనాభా ఐదు వేల లోపు కాబట్టి లెక్క ప్రకారం లక్షా యాభై వేలు దాటకూడదు. బయట ఎంత అవుతోందో నువ్వూ చూశావ్, నేనూ చూశా, దాని గురించి కాగితం మీద నేనేమీ రాయను. కానీ ఒక్కటి విను. ఫలితం వచ్చాక 45 రోజుల్లో ఖర్చు లెక్కలు మండలంలో ఇవ్వాలి, గెలిచినా ఓడినా. ఓడినవాళ్లు "ఇంకెందుకులే" అని ఇవ్వరు, మూడేళ్లు నిలబడకుండా అనర్హత పడుతుంది. గెలిచినవాళ్లు ఇవ్వకపోతే పదవే పోతుంది. మీ ఊరికి మళ్లీ ఇంకో ఖాళీ తగులుతుంది.

ఇంకో మాట, ఏకగ్రీవం చేద్దాం, గుడికి ఇన్ని లక్షలు ఇవ్వు అని పెద్దమనుషులు వస్తారు. సీటు ఖాళీ అయిన కుటుంబం మీద జాలితో ఆమె కోడలినే పెడదాం అని కూడా రావచ్చు. జాలి నిజమైతే నువ్వు ఆలోచించు, అది నీ ఇష్టం. గుడి పేరున వేలంపాట అయితే మాత్రం ఆ మీటింగుకే పోకు, దాని మీద ఎన్నికల సంఘం కేసులు పెట్టిస్తుంది.

గెలిస్తే ఐదేళ్లు ఉంటావనుకోకు. ఆమెకు మిగిలిన కాలమే నీది, అంటే 2030 డిసెంబర్ దాకా. ఎన్నిక ఎంత ఆలస్యమైతే నీ టర్ము అంత కుదించుకుపోతుంది, ఆ లెక్క కూడా వేసుకునే దిగు. ఒకవేళ ఏడాది దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు, ఇప్పుడు దాని అవసరం లేదు. ఇంకా ఒక విచిత్రం చెప్తా, మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక గుర్తుందా, 2024 మార్చి 28న ఓట్లేశారు, పార్లమెంట్ కోడ్ అడ్డొచ్చి జూన్ 2న గానీ పెట్టెలు తెరవలేదు. రెండు నెలలు అభ్యర్థులు ఎట్లా నిద్రపోయారో! అట్లాంటిది మీకు రాకూడదనే కోరుకుందాం.

వచ్చే ఆదివారం నేను దేవరకొండ వస్తున్నా. ఫారం 8 పెట్టిన రసీదు, మీ నాన్న కులం కాగితం జిరాక్సు, పంచాయతీ ఓటర్ల జాబితాలో మీ వార్డు పేజీలు తీసుకుని బస్టాండ్ దగ్గరికి రా, అల్లుణ్ణి కూడా తోలుకురా. సెక్రటరీ లెటర్ నంబర్ చెప్పాడో లేదో ఫోన్ చేసి చెప్పు.

మీ మేనమామ