సీఐడీ చూసి ఫోరెన్సిక్ అంటోంది, సీరియల్ చూసి నల్లగా ఉన్నానంటోంది – ఏం చెయ్యాలి?

గాజువాక నుంచి ఒక అమ్మ అడిగారు. పాప తొమ్మిదో క్లాస్, రోజూ ఫోన్లో పాత సీఐడీ ఎపిసోడ్లు చూసి అందులో ల్యాబ్‌లో నేరాల సాక్ష్యాలు పరీక్షించే తారికలాగా ఫోరెన్సిక్ చేస్తానంటోందట, వాళ్ళ నాన్నేమో ఇంజనీరింగ్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. సాయంత్రం నానమ్మతో సీరియల్స్ చూస్తూ నేను నల్లగా ఉన్నాను అనుకుని యాన్యువల్ డేకి యాంకరింగ్ పేరు కూడా ఇవ్వలేదట. టీవీ కనెక్షన్ తీయించేయమంటారా అని ప్రశ్న.

తీయించకండమ్మా, తీయించినా ఫోన్ ఉంది కదా. మీ ఇంట్లో గొడవంతా ఫోరెన్సిక్ గురించి అవుతోంది గానీ నాకు భయమేసింది రెండో దానికి.

ముందు ఫోరెన్సిక్ సంగతి. అమెరికాలో 1993లో మొదలైన ది ఎక్స్ ఫైల్స్ అనే సీరియల్లో డానా స్కల్లీ అని, అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఏజెంట్‌గా పనిచేసే డాక్టర్ పాత్ర ఉండేది, 2018లో సర్వే చేస్తే ఆ పాత్ర తెలిసిన ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ వల్ల సైన్స్, టెక్నాలజీ మీద ఇంట్రెస్ట్ పెరిగిందన్నారు. ఆ సర్వేలో సీరియల్ తీసిన కంపెనీకి కూడా భాగం ఉందనుకోండి, అంకెని కొంచెం తగ్గించుకునే చదవాలి. అయినా మన ఇళ్ళల్లో పిల్లలకి తెలిసిన ఉద్యోగాలెన్ని, సాఫ్ట్‌వేర్, డాక్టరు, బ్యాంకు, స్టీల్ ప్లాంటు, అంతేగా, ఇంకోటి కూడా ఉందని టీవీ చెప్తే నష్టమేంటి?

కాకపోతే సీఐడీలో ల్యాబ్ డాక్టర్ సాలుంకే గారు శవాన్నీ ఆయనే చూస్తారు, పొడి చూసి విషం పేరూ ఆయనే చెప్పేస్తారు. బయట అవి రెండు వేరే ఉద్యోగాలు. పోస్ట్‌మార్టం కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో డాక్టర్లు చేస్తారు, అటు వెళ్ళాలంటే ఎంబీబీఎస్ చేసి ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చెయ్యాలి. విషం ఏంటో తేల్చేది ల్యాబ్ వాళ్ళు, దానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు, కెమిస్ట్రీయో ఫోరెన్సిక్ సైన్సో చదవాలి, మన విశాఖలోనే రీజనల్ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. రిపోర్ట్ రావడానికి వారాలు పడుతుంది, తర్వాత కోర్టులో లాయర్ గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఇదంతా పాపకి చెప్పి ఇందులో నీకేది నచ్చిందే అని అడగండి. శవాలు, రక్తం, డీఎన్ఏ అంటే ఇంటర్లో బైపీసీ. ఫోన్లు, కంప్యూటర్లలో సాక్ష్యం వెతకడం అంటే ఎంపీసీ తీసుకుని బీటెక్ చేసి కూడా సైబర్ ఫోరెన్సిక్స్‌కి వెళ్ళొచ్చు, ఈ ముక్క వాళ్ళ నాన్నగారి చెవిన వెయ్యండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది. ఎలాగూ ఇంకా టైముంది.

ఇప్పుడు రంగు మాట. ఫిజీ దీవుల్లో నద్రోగా అనే చోట ఒంటికి కాస్త కండ ఉంటేనే అందం అనుకునేవాళ్ళు. 1995లో అక్కడికి టీవీ వచ్చింది, 1998లో ఆన్ బెకర్ అనే హార్వర్డ్ ఆవిడ స్కూల్ ఆడపిల్లల్ని అడిగితే 74 శాతం మంది అప్పుడప్పుడైనా మేం లావుగా ఉన్నామనిపిస్తోంది అన్నారు. మూడేళ్ళే! అక్కడ లావు, మన దగ్గర రంగు, అంతే తేడా. మన సీరియల్స్‌లో నిద్ర లేచిన హీరోయిన్‌కి కూడా ఫుల్ మేకప్, కథలో నల్లమ్మాయి కావాల్సొస్తే తెల్లగా ఉన్న నటికే రంగు పూసేస్తారు, ఇది పాపకి చూపించి నవ్వుకోండి, పని చేస్తుంది. అయితే టీవీ ఒక్కదాన్నే అనకండి. ఎండలో బీచ్‌కెళ్ళకే నల్లబడిపోతావ్ అనేది ఎవరు, మనమే కదా, ఆ మాట ఇంట్లో ఈ రోజు నుంచే బంద్, నానమ్మ గారితో సహా.

యాంకరింగ్‌కి పేరు ఇవ్వడానికి ఇంకా టైముంటే మీరు బతిమాలొద్దు, క్లాస్ టీచర్‌తో మాట్లాడి ఆవిడనే పిలవమనండి. రేపు ల్యాబ్ వాళ్ళలాగా కోర్టులో నిలబడి మాట్లాడాలి కదా, ఇది దానికి ప్రాక్టీస్ అని చెప్తే వినొచ్చు. ఒకవేళ తిండి తగ్గించేస్తున్నా, ఫొటోలకి రాకపోయినా, స్కూల్‌కి వెళ్ళనంటున్నా నా దగ్గరకి కాదు, ముందు సైకాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళండి.