కూజా విసిరింది, గబ్బిలం కొట్టింది

ఆటల సారును అడగండి

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో క్యాచర్‌ని. తెలుగు వికీపీడియాలో బేస్‌బాల్ గురించి రాసేవాళ్లు తక్కువని మీరే ఒకసారి ఈ పేజీలో రాశారు. అది చదివి వారం రోజులు కూర్చుని పెద్ద వ్యాసం పెట్టాను. రెండో రోజే ముక్కూ మొహం తెలియని ఒకాయన సగం తీసేశాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ తీసేశాడు. ఇలా మూడుసార్లు. ఊరికే పని చేసిపెడితే ఇదా మర్యాద? మానేద్దామనుకుంటున్నాను. నేను రాసిన వ్యాసం మీకూ పంపుతున్నాను, చూసి చెప్పండి.
- ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: బిడ్డా, పొద్దున చాయ్ తాగుకుంట మొత్తం చదివిన. నువ్వు రాసింది ఏదో, అనువాద యంత్రం రాసింది ఏదో నాకు రెండో పేరాలనే తెలిసిపోయింది. క్యాచర్ మోకాళ్లు మడిచి కూర్చుని, బంతి విసిరే పిచ్చర్‌కు వేళ్లతోని సైగ చేసుడు, రెండో బేస్‌కు దొంగపరుగు తీసేవాళ్లను కూర్చున్న కాడికెల్లే కనిపెట్టుడు - ఇదంతా ఎండల కూర్చుని మోకాళ్లు నొప్పి పుట్టిన మనిషి రాసింది. దాని కింద పేరాల ఏముంది? 'కూజా బంతిని విసిరిన తర్వాత గబ్బిలం దాన్ని ఈగ బంతిగా కొట్టినచో...' పిచ్చర్ కూజా అయింది, బ్యాట్ గబ్బిలమైంది, గాల్లోకి లేచిన ఫ్లై బాల్ ఈగ అయి కూర్చుంది. నేను నవ్వుతుంటే మా ఇంటామె వంటింట్ల నుంచి వచ్చి, పేపర్ల ఎవరన్న మంత్రి మాట్లాడిండా అని అడిగింది.

నవ్విన గానీ, నాకు ఆ హక్కు లేదు. రిటైరైన కొత్తల నేను చేసిన పని చెప్తా విను. నల్లగొండల మా ఇంటి మేడ మీద కూర్చుని, అమెరికా బేస్‌బాల్ చరిత్ర మీద ఎవరో అనువాదం చేసిన వ్యాసం చూసిన. 'మూడు సమ్మెలు పడితే బ్యాటర్ అవుట్' అని ఉంది. స్ట్రైక్ అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన బంతి, ఆ మాటను యంత్రం సమ్మె అని తిప్పేసింది. ముప్పై ఏండ్లు పిల్లలకు ఆటలు నేర్పినోణ్ని కద, రోషం వచ్చింది. పేజీల ఎక్కడెక్కడ 'సమ్మె' ఉన్నదో అన్నీ ఒక్క దెబ్బకు 'స్ట్రైక్' అని మార్చేసిన. పదిహేడు చోట్ల. మార్పుల సారాంశంల 'భాష సవరణ' అని దర్జాగ రాసి పండుకున్న.

తెల్లారేసరికి నా చర్చ పేజీల ఒక ముక్క ఉంది: 'సార్, పదహారు కరెక్టే. కానీ 1994లో జరిగింది నిజంగా సమ్మెనే.'

అక్కడ ఆటగాళ్లు 1994 ఆగస్టు 12న పని బంద్ చేసిండ్రు. 1995 ఏప్రిల్ 2 దాక, 232 రోజులు. ఆ ఏడు వరల్డ్ సిరీసే, అంటే వాళ్ల ఆఖరి పోటీలే, జరగలేదు. 1904 తర్వాత అట్ల కావుడు అదే మొదటిసారి. నేనేమో దాన్ని ఎవడో బ్యాటర్ ఒక బంతి వదిలేసినంత చిన్న సంగతి చేసి పెట్టిన. 2011ల సకల జనుల సమ్మెకు బడి బంద్ పెట్టి క్లాక్ టవర్ కాడ కూర్చున్నోణ్ని, సమ్మెను గుర్తుపట్టలేకపోతి! ఆ దిద్దినాయన ఎవరో ఇప్పటికీ తెల్వదు. వాడుకరి పేరు తప్ప ఊరు తెల్వదు, వయసు తెల్వదు. తర్వాత ఇద్దరం కలిసి ఎన్నో బేస్‌బాల్ పేజీలు పెంచినం. ఆయనకు అంకెలు బాగ తెలుసు, నాకు మైదానం తెలుసు.

ఇగ నీ సంగతి. తీసేసిన సగంల యంత్రపు పేరాలు పోయినయి, అది మంచిదే. నియమాల భాగం నువ్వు ఒక ఇంగ్లీషు వెబ్‌సైట్ నుంచి వాక్యానికి వాక్యం తెచ్చినవు, అదీ పోవాల్సిందే. వికీపీడియాల రాసింది ఎవరన్న తీసుకపోయి పుస్తకం అచ్చేసి అమ్ముకోవచ్చు, పేరు చెప్పి అదే లైసెన్సు కింద ఇస్తే చాలు. అందుకే పక్కోళ్ల సొత్తు అందుల పెట్టరాదు. మీ కాలేజీ టీమ్ జోనల్స్‌ల గెలిచిన పేరా పోయినందుకు నీకు మస్తు బాధైనట్టుంది. నాకూ అయితుండె. కానీ బేస్‌బాల్ అనే పేజీల దానికి జాగ లేదు.

నీ రాత తీసేసినాయన తప్పు కూడా ఉంది, ఎందుకు తీసిండో చర్చ పేజీల ఒక్క ముక్క రాయలేదు. కొత్తగ వచ్చిన పిల్లకు ఆ మాత్రం చెప్పాలె. నువ్వేమో మూడుసార్లు అదే తిరిగి పెట్టినవు. ఇంగ్లీషు వికీల అయితే 24 గంటల లోపల ఒకే పేజీల పక్కోళ్ల మార్పును మూడుసార్ల కంటె ఎక్కువ తిరగ్గొడితే ఖాతా ఆపేస్తరు, ఎవరిది న్యాయమని కూడా చూడరు. నాలుగోసారి పోకు.

నీ రాత ఎక్కడికీ పోలేదు. పేజీ మీద 'చరిత్ర' అని ఉంటది, ఒత్తు. నువ్వు పెట్టిన ప్రతి కూర్పూ తారీఖుతోని సహా అక్కడ పడి ఉంటది. అందుల నుంచి నీ క్యాచర్ భాగం తీసుకుని నీ ప్రయోగశాలల, అంటే వికీల నీ చిత్తు పేజీల, పెట్టుకో. తర్వాత వ్యాసం చర్చ పేజీకి పోయి ఇట్ల రాయి: 'క్యాచర్ గురించిన భాగం నా సొంత రాత, ఫలానా పుస్తకం ఫలానా పేజీ మూలం. మిగతాది తీసేసినందుకు అభ్యంతరం లేదు. దీన్ని తిరిగి చేరుద్దామనుకుంటున్నా, ఏమంటారు?' కింద నాలుగు టిల్డాలు (~~~~) కొట్టు, నీ సంతకం, టైము అవే పడ్తయి. రెండు మూడు రోజులు ఆగు. అందరూ నౌకర్లు చేసుకుంట రాత్రిళ్లు వచ్చేటోళ్లే.

ఇంకొకటి. సాఫ్ట్‌బాల్‌కు, బేస్‌బాల్‌కు తేడా నీ వ్యాసంల ఎక్కడా లేదు, అది నువ్వు రాయకపోతే ఎవరు రాస్తరు? మీ ఆటల పిచ్చర్ కింది చేతితోని 43 అడుగుల నుంచి వేస్తది. బేస్‌బాల్‌ల పైచేతితోని, 60 అడుగుల 6 అంగుళాల నుంచి. బేస్‌కు బేస్‌కు మీకు 60 అడుగులు, వాళ్లకు 90. మీకు ఏడు ఇన్నింగ్స్, వాళ్లకు తొమ్మిది. ఈ అంకెలన్నిటికీ అచ్చు నియమావళి మూలం పెట్టొచ్చు, ఎవరూ ముట్టుకోరు.

ప్రశ్న: నేను మా ఊరి క్రికెట్ టోర్నమెంట్లకు స్కోరర్‌ని. టై కాబ్ అనే బేస్‌బాల్ ఆటగాడి హిట్లు ఒకచోట 4,191 అని, ఇంకోచోట 4,189 అని ఉన్నాయి. ఒక అంకె కూడా తేల్చుకోలేని మనుషులు విజ్ఞాన సర్వస్వం రాస్తారా?
- జడ్చర్ల పాఠకుడు

జవాబు: తమ్మీ, స్కోరర్‌వు కాబట్టి నీకు వివరంగనే చెప్తా. ఈ పంచాయితీ వికీపీడియాది కాదు, 1910ది.

ఆ ఏడు ఎక్కువ బ్యాటింగ్ సగటు (హిట్లను బ్యాటింగ్ అవకాశాలతోని భాగిస్తే వచ్చేది) తెచ్చినోళ్లకు చామర్స్ కంపెనీ కారు ఇస్తమన్నది. డెట్రాయిట్ టైగర్స్‌ల కాబ్, క్లీవ్‌లాండ్‌ల నాప్ లాజోయీ పోటీ పడ్డరు. కాబ్ అంటె చాలమందికి గిట్టదు. ఆఖరు రోజున సెయింట్ లూయీ బ్రౌన్స్ జట్టు మూడో బేస్ కాడ ఉండే తమ ఫీల్డర్‌ను ఎంతో వెనక్కి నిలబెట్టింది, లాజోయీ మెల్లగ తాకిస్తే చాలు బేస్ చేరేటట్టు. రెండు మ్యాచ్‌ల కలిపి ఎనిమిది హిట్లు కొట్టిండు, ఎక్కువ భాగం అట్ల మెల్లగ తాకించినవే. గోల అయింది, బ్రౌన్స్ మేనేజర్ కొలువు పోయింది, కంపెనీ ఇద్దరికీ చెరొక కారు ఇచ్చి చేతులు దులుపుకుంది. అసలు కథ తర్వాత ఉంది: కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ను లెక్కల పుస్తకంల రెండుసార్లు ఎక్కించిండ్రు. ఆ రెండు హిట్లే నీకు తేడా వచ్చినయి. సంగతి 1981ల పత్రికకెక్కింది. అయినా అప్పటి కమిషనర్ బోవీ కూన్ పాత లెక్కనే ఉంచుమన్నడు.

దానితోని ఏమైందో చూడు. పీట్ రోజ్ అనే ఇంకో ఆటగాడు 1985 సెప్టెంబరు 11న 4,192వ హిట్ కొట్టి కాబ్‌ను దాటిండని పండుగ చేసిండ్రు. 4,189 లెక్కైతే ఆ రికార్డు మూడు రోజుల ముందు షికాగోలనే విరిగిపోయింది, అక్కడ ఎవరూ పటాకులు కాల్చలేదు.

అట్లాంటప్పుడు రాసేటోళ్లు ఏం చెయ్యాలె? నాకు 4,189 నిజమనిపిస్తది. మా సమ్మె దిద్దినాయన, లీగే ఒప్పుకోనిది మనమెట్ల మారుస్తమంటడు. ఈ ఒక్క అంకె మీద చర్చ పేజీల మేం వారం రోజులు కొట్లాడినం, అదీ మర్యాదగనే. ఆఖరికి లీగ్ లెక్క ఇది, పరిశోధకుల లెక్క ఇది అని రెండూ పెట్టి, దేని మూలం దానికి తగిలించినం. తీర్పు చెప్పేది మేం కాదు. మండల కబడ్డీల నేనూ ఒక పాయింటు రెండుసార్లు ఎక్కించిన మనిషినే. ఓడిన ఊరోళ్లకు ఆ సంగతి ఇప్పటికీ తెల్వదు, ఈ పేజీ వాళ్లు చదవకపోతే మంచిది.

కాబ్ గురించే ఇంకో అంకె మారింది, అది మాత్రం లీగే మార్చింది. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగ్‌లకు రానియ్యని కాలంల వాళ్లు వేరే నీగ్రో లీగ్‌లల ఆడిండ్రు. 1947ల జాకీ రాబిన్సన్ వచ్చినంక ఆ గోడ విరిగింది. ఆ లీగ్‌ల లెక్కలను 2024 మేల ప్రధాన రికార్డులల కలిపిండ్రు. దాంతోని జీవితకాల బ్యాటింగ్ సగటుల కాబ్ రెండో జాగకు దిగిండు, నీగ్రో లీగ్‌ల ఆటగాడు జాష్ గిబ్సన్ 0.372తోని పైకి వచ్చిండు. మా పేజీల గిబ్సన్ పేరు పైకి ఎక్కించిన రాత్రి నాకు తొందరగ నిద్ర పట్టలేదు.

ప్రశ్న: రింకూ సింగ్ గురించి వెతికితే 'బేస్‌బాల్ పిచ్చర్' అని వచ్చింది. కోల్‌కతా టీమ్ రింకూ బేస్‌బాల్ ఎప్పుడాడాడు? ఎవరైనా కావాలని చెడగొట్టారా?
- ఇంటర్ విద్యార్థి, దేవరకొండ

జవాబు: ఎవరూ చెడగొట్టలేదు, ఇద్దరు రింకూలున్నరు. ఇద్దరిదీ ఉత్తరప్రదేశే, అదే తంటా. 2023 ఏప్రిల్‌ల గుజరాత్ మీద ఆఖరు ఐదు బంతులకు ఐదు సిక్సర్లు కొట్టినాయన నీకు తెలుసు. రెండో ఆయన జావెలిన్ విసిరే పిల్లగాడు. 2008ల ఒక టీవీ పోటీల బంతి విసిరి గెలిచి, దినేశ్ పటేల్‌తోని కలిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తోని ఒప్పందం చేసుకున్నడు. కింది లీగ్‌లల ఆడిండు, తర్వాత కుస్తీ పోటీలల చేరిండు. ఇట్ల ఒకే పేరు ఇద్దరికి ఉంటే తెలుగు వికీల 'అయోమయ నివృత్తి' అని ఒక పేజీ పెడతరు. ఎంత మంచి మాట! మా బళ్లె ముగ్గురు శ్రీకాంత్‌లు ఉన్నప్పుడు ఆ మాట తెలిస్తే హాజరుపట్టీల వాడేటోణ్ని.

ప్రశ్న: ఇంత రాస్తే నెలకెంత ఇస్తారు సార్?
- నకిరేకల్ పాఠకుడు

జవాబు: రూపాయి ఇయ్యరు, కరెంటు బిల్లు కూడా మనదే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరుల మొదలైంది, ఇప్పుడు లక్షకు పైన వ్యాసాలున్నయి, దాదాపు అంతా ఊరికే రాసిందే. రాసుడు రాకపోతే ఫొటో ఇయ్యి. మీ ఊరి బడిల పిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే, పెద్దోళ్లను అడిగి, నీ ఫోన్‌తోని నువ్వే తీసింది కామన్స్‌ల (వికీ బొమ్మలు దాచే సైట్) పెట్టు. వాట్సాప్‌ల వచ్చింది వద్దు. మిర్యాలగూడ బిడ్డా, నీ క్యాచర్ పేరా పక్కన పెట్టడానికి ఒక బొమ్మ కావాలె. మాస్క్ తొడుక్కుని కూర్చున్నది అయితే ముఖం కూడా కనపడదు, ఇంట్లోళ్లు కూడా ఏమనరు.