ఆయాసపడుతున్న సీఓపీడీ రోగికి మొదట ఏ నర్సింగ్ డయాగ్నోసిస్ రాయాలి?

సీఓపీడీతో (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బుతో) ఆయాసపడుతున్న రోగికి కేర్‌ప్లాన్ రాస్తున్నారు. ‘ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్’, ‘ఇంపెయిర్డ్ గ్యాస్ ఎక్స్ఛేంజ్’, ‘ఇనెఫెక్టివ్ బ్రీతింగ్ ప్యాటర్న్’ అనే మూడు నర్సింగ్ డయాగ్నోసిస్‌లలో (నర్సు తన పనితో సరిచేయగల సమస్యల పేర్లలో) ఏది మొదట పెట్టాలని అడిగారు. జబ్బు పేరు చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. కఫం దారికి అడ్డుపడుతోందా, గాలి లోపలికి వెళ్లినా ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కడం లేదా, ఛాతీ కదలికే చాలడం లేదా (ఆ మూడు పేర్లకూ వరసగా ఇవే అర్థాలు) అన్నది మంచం పక్కన నిలబడితేనే తేలుతుంది.

ఒక కేసు పెట్టుకుందాం. అరవై దాటిన మనిషి, ఏళ్ల తరబడి బీడీలు తాగాడు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. ఏదైనా అడిగితే రెండు మాటలు చెప్పి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. శ్వాస నిమిషానికి 32. ఆక్సిజన్ పెట్టకుండా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 85. ఛాతీలో గురగుర. దగ్గుతున్నాడు గానీ కఫం తెగడం లేదు, వచ్చిన కాస్తా చిక్కగా పసుపుపచ్చగా ఉంది. ఏబీజీలో (ధమని రక్తంలో వాయువుల పరీక్షలో) పీహెచ్ 7.31, కార్బన్ డయాక్సైడ్ 58, ఆక్సిజన్ 52, బైకార్బొనేట్ 28.

ఈయనకు మూడు డయాగ్నోసిస్‌లూ సరిపోతాయి. తికమకంతా అక్కడే. ఇప్పుడు ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, గట్టిగా దగ్గించి, అదే చోట మళ్లీ స్టెత్ పెట్టి వినండి. ముందు వినపడిన గరగర తగ్గినా, చోటు మారినా అది కఫమే. ఎయిర్‌వే క్లియరెన్స్ మొదట రాయండి. దగ్గాక కూడా ఊపిరితిత్తుల అడుగున సన్నటి చిటపటలు (క్రాకిల్స్) అలాగే ఉంటే అది నీరో న్యుమోనియానో కావచ్చు, గ్యాస్ ఎక్స్ఛేంజ్ వైపు మొగ్గాలి. అర నిమిషం పట్టే ఈ పని చేయకుండా పుస్తకంలో వరసలో ముందున్నది ఎక్కించేస్తారు, అదే నాకు బాధ.

రాసేటప్పుడు కారణం చెప్పే చోట ‘రిలేటెడ్ టు సీఓపీడీ’ అని మాత్రం రాయకండి. సీఓపీడీని నర్సు తీసేయలేదు, కఫాన్ని తీయించగలదు. ‘రిలేటెడ్ టు చిక్కటి కఫం, దగ్గే బలం లేకపోవడం’ అనండి. ఎవిడెన్స్ కింద గరగర, పైకి రాని దగ్గు, పసుపు కఫం చూపించండి. అప్పుడు చేయాల్సిన పనులు వాటంతటవే వస్తాయి: మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజేషన్ అయిన వెంటనే హఫ్ కాఫింగ్ (నోరు తెరిచి ‘హా’ అంటూ గాలి గట్టిగా వదలడం), గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే గోరువెచ్చటి నీళ్లు, తనంతట తాను దగ్గలేకపోతే సక్షన్ (గొట్టంతో కఫం లాగేయడం), అదీ ఒక్కోసారికి 10–15 సెకన్లు మించకుండా.

ఇదే మనిషి మత్తుగా జోగుతున్నా, చేతులు చాపమంటే మణికట్లు కొట్టుకుంటున్నా వరస మారిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుపోతోంది. గ్యాస్ ఎక్స్ఛేంజ్ పైకి వస్తుంది, అయితే అది రాస్తూ కూర్చోకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఎన్‌ఐవీ (గొంతులో గొట్టం వేయకుండా మాస్క్‌తో ఇచ్చే వెంటిలేషన్) అవసరం పడొచ్చు. ఆయాసం కదా అని మాస్క్ పెట్టి ఆక్సిజన్ పది లీటర్లకు తిప్పేయడం చాలా వార్డుల్లో అలవాటైపోయింది. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగొచ్చు. ఇలాంటి రోగికి సాచురేషన్ 88–92 మధ్య ఉంటే చాలు. ఆక్సిజన్ శాతాన్ని ఒకే చోట నిలిపే వెంచురీ మాస్క్‌కు 28 శాతం వాల్వ్ పెట్టి, ఆ వాల్వ్ మీద ఎన్ని లీటర్లని ముద్రించి ఉందో అంతే తిప్పండి. నెబ్యులైజర్‌ను కంప్రెసర్ గాలితో నడపండి. ఆక్సిజన్‌తో తప్పకపోతే 6 నిమిషాలకు ఆపేయండి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఏ టీపీఆర్ షీటు (జ్వరం, నాడి, శ్వాస రాసే కాగితం) తీసినా వార్డులో అందరికీ శ్వాస 20 అనే ఉంటుంది. లెక్కపెట్టని అంకె మీద ఏ డయాగ్నోసిస్ నిలుస్తుంది? నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకుని, ఛాతీ లేవడం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి శ్వాస తీరు మారిపోతుంది. ఆక్సీమీటర్ పెట్టే ముందు వేలు చల్లగా ఉందేమో, గోరుకు రంగుందేమో కూడా చూడండి.

ఆయాసం కనపడగానే ఈ మూడింట్లోనే వెతకడం ఇంకో పొరపాటు. హిమోగ్లోబిన్ 5 ఉన్న ఆవిడ నాలుగడుగులు వేసి రొప్పుతుంది, సాచురేషన్ 98 చూపిస్తుంది. ఊపిరితిత్తులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. అక్కడ ‘యాక్టివిటీ ఇంటాలరెన్స్’ (కాస్త పనిని కూడా తట్టుకోలేకపోవడం) రాయాలి. షుగర్ పెరిగి కీటోయాసిడోసిస్‌లోకి వెళ్లిన రోగి లోతుగా, వేగంగా శ్వాస తీస్తాడు. ఒంట్లోని యాసిడ్‌ను శరీరం అలా బయటికి పంపుకుంటోంది. దాన్ని చెడిన బ్రీతింగ్ ప్యాటర్న్ అనుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోమని చెప్పడం హాని. పొట్ట ఆపరేషనై నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీసేవాళ్లకు బ్రీతింగ్ ప్యాటర్న్ చక్కగా కుదురుతుంది. వాళ్లకు ముందు నొప్పి మందు, తర్వాత కుట్ల మీద దిండు అదిమిపట్టించి దగ్గించడం. హార్ట్ ఫెయిల్యూర్ రోగి కేర్‌ప్లాన్‌లో ‘రోజుకు 2–3 లీటర్ల నీళ్లు తాగించాలి’ అని కఫం ప్లాన్ నుంచి దించేసినవి కూడా కనిపిస్తాయి. దాన్ని నిజంగా అమలు చేస్తే ఆ రోగి ఊపిరితిత్తుల్లోకి ఇంకా నీరు చేరుతుంది.

గోల్ దగ్గర ‘రోగి బాగా ఊపిరి తీసుకుంటాడు’ అని రాస్తే దాన్ని కొలిచేదెలా? మన కేసుకైతే ‘8 గంటల్లో కఫం తనంతట తాను ఉమ్మగలగాలి, శ్వాస 24 లోపుకు రావాలి, సాచురేషన్ 88–92 మధ్య నిలవాలి’ అని రాయండి. డ్యూటీ మారే ముందు మళ్లీ అదే చోట స్టెత్ పెట్టి వినండి. గరగర పోయినా సాచురేషన్ 85 దగ్గరే ఉంటే మొదటి డయాగ్నోసిస్ పని అయిపోయినట్టే. గ్యాస్ ఎక్స్ఛేంజ్‌ను పైకి జరిపి, వచ్చే సిస్టర్‌కు ఆ సంగతి హ్యాండోవర్‌లో చెప్పండి.