పడవ, ఓడ, చేతి కాంపాస్

ప్రశ్న: హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాను. పది మీటర్ల ఫైబర్‌గ్లాస్ పడవలో విశాఖ నుంచి చెన్నైకి ఒంటరిగా వెళ్లాలనుంది. ఏఐఎస్ (ఓడలు తమ పేరు, ఉన్న చోటు రేడియోలో చెప్పుకునే పరికరం) పెట్టించాను. పెద్ద ఓడల సంగతి ఇక అదే చూసుకుంటుందాండీ? మరి నిద్ర మాటేమిటి?
- ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: ఏఐఎస్ ఉన్నవాటినే అది చూపిస్తుంది. అంతర్జాతీయ రూట్లలో తిరిగే 300 గ్రాస్ టన్నులు, ఆపై ఓడలకు అది తప్పనిసరి. రాత్రిపూట వేటలో ఉన్న మరబోట్లన్నీ తెర మీద కనిపిస్తాయనుకోవద్దు. మీది క్లాస్ బి (చిన్న పడవల రకం) అయితే 30 సెకన్లకోసారి మీ ఉనికి చెబుతుంది. గాలి పడిపోయి వేగం 2 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కి.మీ.) తగ్గిందా, 3 నిమిషాలకోసారే. ఇంకో చిక్కు: ఓడ దగ్గరికొస్తే మోగే అలారం రేవు దగ్గర ఆగకుండా మోగుతుంటే విసుగొచ్చి ఆపేస్తారు, బయటికొచ్చాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతారు.

అందుకే చేతి కాంపాస్ దగ్గరుంచుకోండి. 20 నాట్ల ఓడ ఎదురొస్తుంటే, మీరు 5 నాట్లలో ఉంటే, మధ్యనున్న 5 నాటికల్ మైళ్లు 12 నిమిషాల్లో కరిగిపోతాయి. ఓడ కనపడగానే దాని దిక్కు డిగ్రీల్లో రాయండి, రెండు మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. 070, 070, 071... ఇలా డిగ్రీ కదలకుండా దూరం తగ్గుతోందంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే. ఓడ చాలా పెద్దదైనా, బాగా దగ్గరికొచ్చినా డిగ్రీ కాస్త మారిందని నిశ్చింత పడొద్దు. పడవ కమ్మీని గురిగా పెట్టుకుని అంచనా వేయకండి. అలలకు ముక్కు అటూ ఇటూ ఊగితే ఆ లెక్క తప్పుతుంది. రాత్రయితే ఓడ స్తంభాల మీది రెండు తెల్ల దీపాలు చూడండి. ముందుది కింద, వెనకది పైన ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చి, కింద ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే ఓడ నేరుగా మీ మీదికే.

ఓడలు ఢీకొనకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నడిసముద్రంలో మామూలుగా ఇంజిన్ ఓడే తెరచాపకు దారివ్వాలి. రేవు చానెల్లో మాత్రం ఆ హక్కు పట్టుకుని కూర్చోకూడదు. మీరు ఇంజిన్ వేశారా, చాప ఎత్తే ఉన్నా మీది మోటారు పడవ కిందే లెక్క; దీపాలూ మార్చాలి. అసలు ఓడవాళ్లు మిమ్మల్ని చూశారో లేదో! 3 నాటికల్ మైళ్లలోకి వచ్చినా ఓడ మలగకపోతే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ చానెల్లో ఏఐఎస్ చూపిన పేరుతో పిలవండి. పలకకపోతే ఇంకా దూరం ఉండగానే 60 డిగ్రీల దాకా పెద్దగా మలిగి, దాని వెనక నుంచి దాటండి. ఐదేసి డిగ్రీల మలుపులు అవతలివాళ్లకు తెలియవు. ముందు నుంచి దాటే ఆలోచన వద్దేవద్దు.

ఇక నిద్ర. ఎప్పుడూ కాపలా ఉండాలన్నది ఆ 1972 నిబంధనల్లో ఐదోది. ఒంటరిగా నిద్రపోతే అది తప్పినట్టే. ఒంటరి నావికులు చాలామంది 20 నిమిషాల టైమర్ పెట్టుకుని లేచి, చుట్టూ చూసి మళ్లీ పడుకుంటారు. పైన చెప్పిన 12 నిమిషాల లెక్క ప్రకారం అదీ చాలదు. పైగా మీది వలలూ బోట్లూ ఉండే కోస్తా దారి. మొదటిసారి ఇంకొకరిని తీసుకెళ్లండి.

ప్రశ్న: రాడార్ రిఫ్లెక్టర్ (ఓడల రాడార్ తరంగాలను తిప్పికొట్టే పరికరం) ఎలా కట్టాలి?
- సైనిక్‌పురి

జవాబు: ఫైబర్‌గ్లాస్ రాడార్‌కు సరిగా ఆనదు కాబట్టి కట్టాల్సిందే. మూడు రేకులు ఒకదానికొకటి అడ్డంగా కలిసిన రకమైతే మొన మీద నిలబెట్టొద్దు. రేకుల మధ్య ఒక గుంట ఆకాశానికి తెరుచుకుని వాననీళ్లు పట్టేలా ఉండాలి. నీటికి కనీసం 4 మీటర్ల ఎత్తున, ఊగకుండా బిగించండి.