ఉద్యమ నాయకులు పార్టీ పెడితే ఎందుకు నిలబడలేరు?

తెలంగాణ ఉద్యమంలో జేఏసీ (ఐక్య కార్యాచరణ కమిటీ) చైర్మన్‌గా ఉన్న కోదండరాం సార్ పెట్టిన తెలంగాణ జన సమితి ఎందుకు నిలదొక్కుకోలేదని అడిగారు. డబ్బు లేదు, కేసీఆర్ ఎత్తుల ముందు ఆగలేదు అని చాలామంది చెప్తారు. నన్నడిగితే కారణం ఒక్కటే. పార్టీ తరఫున పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చునే మనిషి దొరకలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మె 42 రోజులు. మా మండల జేఏసీ టెంటు కింద చోటు దొరికేది కాదు. టీచర్లు, వకీళ్ళు, ఆర్టీసీ కార్మికులు, కుల సంఘాలు వంతులేసుకుని రిలే దీక్షలు చేసేవాళ్ళు. రోడ్డు మీదే వంటా వార్పు. అయితే అందులో సగం మంది ఏదో ఒక పార్టీ కండువా ఇంట్లో మడతపెట్టి వచ్చినవాళ్ళే. రాష్ట్రం వచ్చాక ఎవరి కండువా వాళ్ళు తీసుకున్నారు. సార్ పార్టీ పెట్టింది ఆ తర్వాత నాలుగేళ్ళకు, 2018లో.

ఆ డిసెంబర్ 7న పోలింగ్. ముందు రాత్రి ఏజెంటు ఫారాలు పట్టుకుని ఊళ్ళు తిరిగాం. అప్పటి రూలు ప్రకారం ఏజెంటు ఆ బూత్ ఓటరో పక్క బూత్ ఓటరో కావాల్సిందే, బయటి నుంచి తెచ్చి కూర్చోబెట్టే వీలు లేదు. ఉద్యమంలో రైలు పట్టాల మీద పడుకున్న అన్న ఇంటికి పోయాం. చాయ్ పోయించాడు, పాత కేసుల ముచ్చట్లు చెప్పి తెగ నవ్వించాడు. ఫారం తీయగానే నవ్వు పోయింది.

"తమ్మీ, సారంటే నాకు పానం. కానీ బిడ్డ పెండ్లికి సర్కారిచ్చే కల్యాణలక్ష్మి చెక్కు ఇంకా రాలే. ఊరంతా చూస్తుంటే అక్కడెట్ల కూసోవాలె?"

వదిన లోపలి నుంచి "సారు గుర్తు చెయ్యే గదా?" అంది. మాది అగ్గిపెట్టె! తెల్లారితే ఓట్లు. ఉద్యమకారుడి ఇంట్లోనే గుర్తు తెలియదు.

పార్టీలో పదవులకు మాత్రం కొరత లేదు. ఎవరిని కదిపినా జిల్లా కన్వీనర్, లేకపోతే రాష్ట్ర కార్యదర్శి. బూత్ కమిటీ అనగానే అందరికీ అర్జెంటు పనులు గుర్తొచ్చేవి. ఇక మీటింగులంటారా, యూనివర్సిటీ సెమినార్లే. మైకు దొరికినవాడు వదిలేవాడు కాదు.

కాన్షీరాం అలా చేయలేదు. 1978లో దళిత, వెనుకబడిన, మైనారిటీ వర్గాల ఉద్యోగుల సంఘం బామ్‌సెఫ్, 1981లో ఊరూరా ఉద్యమాలు చేసే డీఎస్4, ఆ తర్వాతే 1984లో బీఎస్పీ పార్టీ. ముందు చందా ఇచ్చే ఉద్యోగులను, తిరిగే కార్యకర్తలను కూడగట్టి అప్పుడు ఓట్లకు దిగాడు. మనవాళ్ళు జనాన్ని చూసి పార్టీ పెట్టారు. 2021లో సార్ స్వయంగా నల్గొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానంలో నిలబడితే మూడో స్థానం వచ్చింది. ఉద్యమంలో తిరిగిన చదువుకున్న కుర్రాళ్ళే అక్కడ ఓటర్లు, గమనించండి.

ఇప్పటికీ కొత్త పార్టీ పెడుతున్నామని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మీ మండలంలో బూత్ ఏజెంట్ల లిస్టు చూపించండి అంటాను. లెటర్‌హెడ్ చూపిస్తారు.