టెక్ సందేహాలు: సర్వే డేటా సాఫ్ట్‌వేర్ మారినా అర్థం మారకుండా ఉండాలంటే

ప్రశ్న: తార్నాకలో మాకు చిన్న సర్వే సంస్థ ఉంది. ట్యాబ్‌లలో సేకరించిన సమాధానాలను సీఎస్‌వీ ఫైలుగా (విలువలను కామాలతో విడదీసే సాదా పట్టిక) ముంబయిలోని క్లయింటుకు పంపుతున్నాం. వారి సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్ల పేర్లు లేకుండా అంకెలే కనిపిస్తున్నాయట. వయసు చెప్పనివారికి మేము వేసిన 999 కోడ్ కూడా సగటు వయసులో కలిసిపోయింది. ప్రతిసారీ కోడ్‌బుక్ (ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే జాబితా) టైప్ చేసి పంపడం తప్ప మార్గం లేదా?

జవాబు: ఉంది. సీఎస్‌వీ ఫైలులో విలువలు తప్ప వాటి అర్థం ఉండదు. తాగునీటి ప్రశ్నకు 1 అంటే నల్లా, 2 అంటే బోరు, 3 అంటే ట్యాంకర్ అన్న సంగతి మీ సాఫ్ట్‌వేర్‌లోనే మిగిలిపోతుంది. ఈ లోటు తీర్చడానికే 1994లో బ్రిటన్‌లో ట్రిపుల్-ఎస్ అనే ఉచిత, బహిరంగ ప్రమాణం వెలువడింది. ఇందులో రెండు ఫైళ్లు జంటగా ప్రయాణిస్తాయి. ఒకదానిలో సమాధానాలు ఉంటే, ఎక్స్‌ఎంఎల్‌లో (సమాచారంలోని ఒక్కో భాగానికి గుర్తు తగిలించి రాసే పద్ధతి) రాసిన రెండోదానిలో ప్రతి ప్రశ్న పేరు, పాఠం, రకం, కోడ్‌లు, వాటి అర్థాలు ఉంటాయి. ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్న ఏదో, అనేక జవాబులు ఎంచుకోదగినది ఏదో అందులోనే స్పష్టంగా నమోదవుతుంది కనుక, నల్లా, ట్యాంకర్ రెండూ వాడే ఇంటి సమాధానం అవతల మూడు వేర్వేరు ప్రశ్నలుగా విడిపోదు.

మీ 999 సమస్యకూ ఇందులో చోటుంది. వయసు ప్రశ్నకు 18 నుంచి 99 వరకు అని హద్దులు చెప్పి, 999కి మాత్రం ‘చెప్పలేదు’ అని విడిగా పేరు పెట్టవచ్చు. అయితే సగటులోంచి దాన్ని తీసివేయాలన్న నిర్ణయం విశ్లేషించేవారిదే కాబట్టి, ఆ మాట మెయిల్‌లో రాయడం మానకండి. ప్రశ్నల మధ్య దూకుళ్లతో (జవాబును బట్టి కొన్ని ప్రశ్నలు దాటేయడం) సహా ప్రశ్నావళి మొత్తాన్ని మరో సాఫ్ట్‌వేర్‌లో తిరిగి నడిపించడం మాత్రం ఈ ప్రమాణం పని కాదు. సేకరణ ముగిశాక డేటాను అప్పగించడానికే ఇది పనికొస్తుంది.

తెలుగులో ప్రశ్నలు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. కంప్యూటర్ అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి గనుక ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు. ప్రతి గడికీ ముందే నిర్ణయించిన నిడివి ఉండే డేటా ఫైలులో ఒక సాఫ్ట్‌వేర్ అక్షరాలను, మరొకటి బైట్లను లెక్కిస్తే ఆ తర్వాతి గడులన్నీ పక్కకు జరుగుతాయి. అందుకే ట్రిపుల్-ఎస్ కొత్త వెర్షన్లు అనుమతించే సీఎస్‌వీ రూపంలోనే డేటా ఫైలు ఇవ్వండి. క్లయింటు ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఫైలే కావాలంటే, అక్కడ ఆప్షన్ పేరుకు 120 బైట్లే పరిమితి, అంటే తెలుగులో 40 సంకేతాలే. మన సర్వేల్లో రెండు వరుసలు సాగే ఆప్షన్లకు అది బొత్తిగా చాలదు.

మీ సాఫ్ట్‌వేర్‌లో ట్రిపుల్-ఎస్ ఎగుమతి ఉందో లేదో ముందు చూడండి. క్లయింటు వైపు దిగుమతి కూడా ఉండాలి. కంపెనీ బ్రోషర్‌లో ‘ఉంది’ అన్నంత మాత్రాన నమ్మడం నా దృష్టిలో తొందరపాటే. పది నకిలీ సమాధానాలతో ఒక ప్రయోగ ఫైలు పంపి, ప్రతి ఆప్షన్‌కు వచ్చిన సంఖ్య రెండు చోట్లా సరిపోయిందో లేదో చూశాకే అసలు డేటా పంపండి.

ప్రశ్న: ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా సర్వే డేటాను ఇతర పరిశోధకుల కోసం భద్రపరచాలి. ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్స్ గడువు ముగిసింది. ఏం చేయాలి?

జవాబు: ఫైలు తెరవడానికి ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్లను చదివే, ఉచితంగా దొరికే పీఎస్‌పీపీ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. భద్రపరచడానికి మాత్రం ట్రిపుల్-ఎస్ కన్నా, పరిశోధన డేటా వివరాలను నమోదు చేసే డీడీఐ ప్రమాణం తగినది. నమూనాను ఎలా ఎంచుకున్నారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని అడిగారు అన్న వివరాలకు కూడా అందులో స్థానం ఉంది. డేటా అప్పగించే ముందు పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు తప్పక తొలగించండి. బస్తీ పేరు, కులం, వృత్తి మూడూ కలిస్తే పేరు లేకపోయినా మనిషిని గుర్తుపట్టే వీలుంటుంది కనుక, వాటిలో కనీసం ఒకదాన్ని విశాలమైన వర్గంగా మార్చండి.