చిన్నీకి, అత్త రాస్తున్న జాగ్రత్తలు

చిన్నీ,

మీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పంపే మెయిళ్లు, ఎస్సెమ్మెస్‌లు కస్టమర్లు తమకు నచ్చినట్టు మార్చుకునేలా చేసే పని నీ చేతికిచ్చారట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి విషయం సగమే అర్థమైనా గర్వం మాత్రం దాగలేదు. నాకు మొత్తం అర్థమైంది, అందుకే టెన్షన్.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తా. మెసేజ్‌లను కోడ్‌లోంచి తీసి టెంప్లేట్లుగా, అంటే ఖాళీలున్న నమూనాలుగా, డేటాబేస్‌లో పెట్టు. కస్టమర్ ఏమీ మార్చకపోతే మన డీఫాల్టే వెళ్లాలి. పాత వెర్షన్లు ఉంచు. పేరు, తేదీ లాంటివి వచ్చే ఖాళీలకు పేర్లే పెట్టు, వరస నంబర్లు వద్దు. భాష మారితే వాక్యంలో వాటి చోటూ మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన ఒక చోట ఇలాంటిదే కట్టారు. ఒక కస్టమర్ ఆఫీసులో అడ్మిన్ ఒకావిడ పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్‌ను ఎంతో మర్యాదగా తిరగరాసింది. మధ్యలో ఫ్లవర్ బ్రాకెట్లలో ఏదో ఇంగ్లిష్ ముక్క కనిపిస్తే, ప్రోగ్రామర్లు మర్చిపోయి వదిలేసిన చెత్త అనుకుని తీసేసింది. రీసెట్ లింక్ వచ్చే చోటే అది! సేవ్ నొక్కింది, సిస్టమ్ సేవ్ అయిందంది. ఇక ఎవరు పాస్‌వర్డ్ మర్చిపోయినా చక్కటి మెయిల్ వెళ్లేది, లింక్ ఉండేది కాదు. వాళ్లు మళ్లీ అడిగేవాళ్లు, మళ్లీ అదే మెయిల్. మా లాగ్‌లో మాత్రం అన్నీ 'పంపబడింది' అనే. ఎక్కడా ఎర్రర్ లేదు కాబట్టి ఎవరూ తొంగి చూడలేదు. ఫోన్లు మొదలయ్యాకే బయటపడింది.

మీటింగ్‌లో మా మేనేజర్ తేల్చింది ఏమిటో తెలుసా? తప్పు యూజర్‌ది అని. ఆవిడ చేత క్షమాపణ మెయిల్ రాయించారు. ఒక ఖాళీ పెట్టె, నాలుగు వింత గుర్తులు ఇచ్చి వదిలేసింది మేమైతే, క్షమాపణ ఆవిడదా? నేను గట్టిగానే వాదించాను, ఎవరూ వినలేదు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకని, తప్పును సేవ్ చేసేటప్పుడే పట్టుకో, పంపేటప్పుడు కాదు. ఉండి తీరాల్సిన ఖాళీ లేకపోతే సేవ్ కానివ్వకు. పేరులో అక్షరం తప్పితే ఎక్కడ తప్పిందో చూపించు. అసలు ఆ పేర్లు టైప్ చేయించకు, పక్కన లిస్టు పెట్టి నొక్కితే వచ్చి పడేలా చెయ్యి. ప్రివ్యూలో పొడుగు పేరు, ఖాళీ పేరు రెండూ చూపించు. 'నాకొకటి పంపి చూడు' అనే బటన్ తప్పనిసరి.

"వాళ్లు ఏం కావాలన్నా రాసుకోవచ్చట" అని మీ నాన్న గొప్పగా చెప్పాడు. ఏం కావాలన్నానా! బుద్ధుందా నీకు? టెంప్లేట్లలో ఖాళీలు నింపే జింజా లాంటి ఇంజిన్‌ను పూర్తిగా వాళ్ల చేతికిస్తే, ఎవడో ఒకడు టెంప్లేట్‌లోంచే నీ సర్వర్ మీద కోడ్ నడుపుతాడు. మస్టాష్ లాంటి సాదా ఇంజిన్ చాలు, అందులో కోడ్ రాసే వీలుండదు. యూజర్లు ఇచ్చిన పేర్లను మెయిల్ బాడీలో ఎస్కేప్ చెయ్యి, అంటే వాటిలోని గుర్తులు కోడ్‌గా కాక ఉత్త అక్షరాలుగానే కనిపించాలి. సబ్జెక్ట్‌లోకి కొత్త లైను గుర్తు వెళ్లనివ్వకు, దాంతో ఎవరి నుంచి, ఎవరికి లాంటి వివరాలుండే మెయిల్ హెడర్లే మార్చేస్తారు. తిట్టానని ముఖం ముడుచుకోకు. నువ్వు చిన్నప్పటి నుంచీ అడిగిందల్లా ఇచ్చేసే రకం, అదే నా భయం.

ఎస్సెమ్మెస్ దగ్గర ఒక లెక్క ఉంది. మామూలు ఇంగ్లిష్ అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు. మధ్యలో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం 70కి పడిపోతుంది. అది దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది. గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. బిల్లు వచ్చాక గొడవ పడే బదులు, టైప్ చేస్తుండగానే ఎన్ని ముక్కలవుతుందో చూపించు.

మొదటి స్క్రీన్ తయారవగానే నాకొక అడ్మిన్ లాగిన్ ఇవ్వు. కోడ్ జోలికి రాను, కూర్చుని పాడు చేయడానికి చూస్తాను. రాత్రిళ్లు మేలుకోకు. బుద్ధుందా అన్నానని మీ నాన్నతో చెప్పకు.

మీ అత్త